అరవై వేల మాట

కిందటి నెల మా అమ్మాయిని చూడటానికి ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్లాను. అక్కడ ఏదో పరీక్షకు చదువుతోంది. ఎప్పుడు అవుతుందని అడిగితే మొహం మాడ్చుకుంటుంది కనుక అడగడం మానేశాను. మూడంతస్తుల మెట్లెక్కితే ఒక గది వస్తుంది. గది అంటే ఒక మంచం, మంచానికి ఆనుకుని బల్ల, బల్లకు ఆనుకుని తలుపు. తలుపు పూర్తిగా తెరుచుకోవాలంటే మంచం మీదున్న మనిషి కాళ్లు పైకి లాక్కోవాలి. గోడ నిండా పసుపుపచ్చ చీటీలు అంటించుకుంది. వాటిలో ఒకదాని మీద ద్రవ్యోల్బణం గురించి నాలుగు ముక్కలు రాసి ఎర్ర గీత గీసింది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, "మమ్మీ, సమఝ్ మే ఆయా?" అని, అర్థమైందా అన్నట్టు వేళాకోళమాడింది. ప్రభుత్వం రాబడికి మించి ఖర్చుపెట్టి, ఆ తేడాను కొత్త నోట్లతో పూడిస్తే, చేతిలో ఉన్న నోటు విలువ తరిగిపోతుందని ఆ చీటీ సారాంశం. రెండుసార్లు చదివాను. తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్లు మండింది. మా దొడ్డమ్మ ఇల్లు, ఆవిడ ఎదురుచూసిన ఏళ్లు, మా నాన్న మౌనం, అంతా ఈ బెత్తెడు కాగితంలో సరిపోతుందా అని. అమ్మాయి టీ తేవడానికి కిందికి వెళ్లింది. నేను ఆ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఎన్నడూ సరిగ్గా అర్థం కాని ఒక వ్యవహారాన్ని మళ్లీ మొదటినుంచి తలచుకున్నాను.

దొడ్డమ్మ మా అమ్మకు సొంత అక్క. నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు మా పెదనాన్న పోయారు. ఫరీదాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్ కీపరుగా చేసేవారు. పింఛను లేదు, పిల్లలు లేరు. కంపెనీవాళ్లు అన్నీ కలిపి ముప్ఫై వేలు చేతిలో పెట్టి నమస్కారం పెట్టారు. దొడ్డమ్మ ఒక రేకు పెట్టె, ఒక కుట్టుమిషను పట్టుకుని ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా క్వార్టరుకు వచ్చింది. రెండు గదుల ఇల్లు అది. వెనక వరండాలో గోనెపట్టా కట్టి, దాని చాటున మిషను వేసుకుంది. నా చిన్నతనం వాసన ఏమిటని ఎవరైనా అడిగితే మిషను నూనె, ఎండాకాలంలో కూలరుకు బిగించిన తడి వట్టివేళ్ల చాప, నాన్న చెక్కిన పెన్సిళ్ల పొట్టు అని చెబుతాను. నాన్న స్టెనోగ్రాఫరు. దేశం డబ్బు వ్యవహారాలు చూసే ఒక శాఖలో, పెద్ద అధికారి దగ్గర డిక్టేషను తీసుకునేవారు. రోజూ పొద్దున్నే పాత పేపరు పరుచుకుని, బ్లేడుతో మూడు పెన్సిళ్లు సూదుల్లా చెక్కి, జేబులో తలకిందులుగా పెట్టుకుని చార్టర్డ్ బస్సెక్కేవారు. ఆఫీసులో ఏం జరిగిందని అమ్మ అడిగితే, "వినడం నా పని, అర్థం చేసుకోవడం సార్ పని" అనేవారు. అది వినయమని నేను అనుకునేదాన్ని. తరవాత తెలిసింది, అక్షరాలా నిజమని. మాట చెవిలో పడి చేతిలోంచి కాగితం మీదికి పోవాలి, మధ్యలో బుర్రలో ఆగితే వేగం పడిపోతుందట.

నాన్నకు ఇంకో పట్టుదల ఉండేది. ఇంట్లో ఇంగ్లీషు మాట వినపడకూడదు. రోజంతా ఇంగ్లీషు రాసి రాసి వచ్చేవారు కనుక గుమ్మం లోపల తెలుగే. అందుకని మా కాలనీలో అందరిళ్లలో డీఏ అని, మెహంగాయీ భత్తా అని పిలిచేదాన్ని మా ఇంట్లో కరువు భత్యం అనేవారు. ఆరు నెలలకోసారి నాన్న మిఠాయి డబ్బాతో వచ్చి, గుమ్మంలోంచే "కరువు భత్యం పెంచారోయ్!" అని కేకేసేవారు. అమ్మ మొహం వెలిగిపోయేది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడేది. కరువంటే తిండి దొరకకపోవడమని దొడ్డమ్మే ఏదో కథలో చెప్పింది. మరి కరువు పెరిగిందని బర్ఫీ తినడమేమిటి? ఎక్కడో ఊరి చివరదాకా కరువు వచ్చేసి ఉంటుందని, మెల్లగా మా సెక్టారు వైపు నడిచి వస్తోందని నమ్మి, ఒక ఏడాదిపాటు కంపాస్ బాక్సులో వేరుశనగపప్పులు దాచుకున్నాను. ఆ సంగతి బయటపడ్డ రోజు అందరూ పడీపడీ నవ్వారు. దొడ్డమ్మ మాత్రం నవ్వలేదు. "దాని అనుమానంలో తప్పేవుందండీ? కరువుంటేనే కదా భత్యం ఇత్తారు?" అని నాన్ననడిగింది. నాన్న నవ్వి, "కరువంటే అది కాదు వదినా, ధరలు పెరగడం" అన్నారు. "అయితే ధరలు పెరిగినందుకు మనం బర్ఫీ తింటన్నావన్నమాట" అంది దొడ్డమ్మ. ఆవిడకు వెటకారం రాదు. నిజంగానే అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తోంది.

దొడ్డమ్మకు అంకె అంటే మాట. ఒకసారి చెప్పాక మారకూడదు. కంటోన్మెంటు నుంచి మిలటరీవాళ్ల భార్యలు, మనవాళ్లే, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవారు. మొదటిసారి వచ్చినప్పుడు జాకెట్టుకు పన్నెండు రూపాయలని చెప్పింది. దారం ధర పెరిగింది, హుక్కుల ధర పెరిగింది, పన్నెండు మాత్రం పన్నెండే. "అక్కా, మార్కెట్లో పాతిక తీసుకుంటున్నారే" అని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. "పన్నెండని చెప్పేశాను కదే. ఇప్పుడు పాతికంటే ఏమనుకుంటారు?" అనేది దొడ్డమ్మ. అందరికీ తన పద్ధతే ఉంటుందనుకునేది. పాల బూత్‌లో ధర పెరిగితే, పోయిన వారం ఉన్న ధర ఏమైందని అక్కడి మనిషిని నిలదీసింది. అతను "ఊపర్ సే బఢా హై, మాతాజీ" అని ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. పై నుంచి అంటే దేవుడనుకుని కొంచెం సర్దుకుంది.

ఆవిడకున్న కోరిక ఒక్కటే. తనదైన ఒక గది. మా ఇంట్లో ఎవరూ ఆవిడను పల్లెత్తు మాట అనలేదు, కానీ క్వార్టరు ప్రభుత్వానిది. లోపల ఎవరెవరు ఉంటున్నారో చూడటానికి అప్పుడప్పుడూ మనుషులొచ్చేవారు. వాళ్లు వచ్చారని తెలిస్తే దొడ్డమ్మ సంచీ పట్టుకుని కూరలకు వెళ్లిపోయేది. ఆవిడ ఉండటానికి అనుమతి ఉందో లేదో నాన్నకు కూడా సరిగ్గా తెలియదు, అడిగి తెలుసుకునే ధైర్యం లేదు. అలా నాలుగుసార్లు వెళ్లి వచ్చాక, "మరిదిగారూ, ఎక్కడైనా ఒక గది కొనిపెట్టండి. ఎంత దూరమైనా సరే" అంది. నాన్న విచారించి, ఒక ఆదివారం నన్నూ దొడ్డమ్మనూ వైశాలి తీసుకెళ్లారు. ఢిల్లీ దాటితే గాజియాబాద్ వైపు అదంతా అప్పుడు దుమ్ము, గోధుమ చేలు, మధ్యలో సగం కట్టిన ఇళ్లు. బస్సు దిగి టెంపో ఎక్కాం, టెంపో దిగి నడిచాం. రేకుల షెడ్డులో కూర్చున్న ప్రాపర్టీ డీలరు తాళాల గుత్తి తీసుకుని మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు చూపించాడు. ఒక గది, వంటిల్లు, స్నానాల గది, మనిషి నిలబడేంత బాల్కనీ. దొడ్డమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లింది. మిషను ఈ కిటికీ కింద, మంచం ఆ గోడకు, పొయ్యి ఇక్కడ అని వేలితో చూపిస్తూ తిరిగింది. ధర అరవై వేలని డీలరు చెప్పాడు. "పక్కా?" అని అడిగింది దొడ్డమ్మ. "పక్కా, మాతాజీ" అన్నాడు. ఆవిడ దృష్టిలో అక్కడితో బేరం కుదిరిపోయింది.

చేతిలో ఉన్నది ముప్ఫై వేలు. తిరుగు ప్రయాణంలో నాన్న బస్సు టికెట్టు వెనక ఏదో రాసుకుని, మొహం విప్పార్చుకుని చెప్పారు. పోస్టాఫీసులో పత్రాలు అమ్ముతున్నారు, అయిదున్నరేళ్లలో సొమ్ము రెట్టింపు. ప్రభుత్వం హామీ. ముప్ఫై అరవై అవుతుంది. అరవై పట్టుకెళ్లి ఇల్లు తీసుకుందాం. ఇంత తేలికైన లెక్క తనకు అంతదాకా తట్టనందుకు దొడ్డమ్మ సిగ్గుపడింది కూడా. నేను ఆ లెక్కను ఈ రోజు వరకూ ఎన్నోసార్లు చేసి చూసుకున్నాను. కూడిక తప్పు లేదు, హెచ్చవేత తప్పు లేదు. సర్కారు కాగితం గురించి చెప్పింది నిజం. ఒక్క ఇల్లు మాత్రం అయిదున్నరేళ్లు అదే ధర మీద కదలకుండా మా కోసం నిలబడాలి, అంతే. రోజుకు పదిసార్లు ధరల పెరుగుదల అని రాసే మనిషికి ఆ సంగతి తట్టలేదు. ఆరు నెలలకోసారి జీతం దానంతటదే పెరుగుతుంటే ఎవరికైనా ఎలా తడుతుంది?

మా క్వార్టరుకు వచ్చిపోయేవారికి లెక్క లేదు. పాస్‌పోర్టు పనికని, ఇంటర్వ్యూకని, హరిద్వారం వెళుతూ దారిలో అని, ఊరివాళ్లంతా మా ఇంట్లోనే దిగేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా అయిదుగురు వచ్చారు. వంట అప్పటికే అయిపోయింది. అమ్మ నిబ్బరంగా పప్పుచారులో రెండు చెంబులు నీళ్లు పోసి, ఉప్పు, చింతపండు సర్ది మళ్లీ మరగబెట్టింది. భోజనాలయ్యాక దొడ్డమ్మ నాన్నను అడిగింది, పేపర్లో రోజూ ద్రవ్యలోటు, ద్రవ్యలోటు అని రాస్తున్నారు, అదేమిటని. సార్ చెబితే రాసిన మాటలు గుర్తుచేసుకుంటూ నాన్న చెప్పారు. ప్రభుత్వానికి వచ్చేది తక్కువ, పెట్టే ఖర్చు ఎక్కువ. ఎరువులకు, జీతాలకు, అప్పుల వడ్డీలకు. తేడాకు కొంత అప్పు చేస్తుంది, కొంత నోట్లు అచ్చువేయిస్తుంది. దొడ్డమ్మ వంటింటి వైపు చూసింది. "అంటే ఇందాక మా చెల్లెలు చారులో నీళ్లు పోసినట్టేనాండీ? గరిటెలు పెరిగాయి గానీ పప్పు పెరగలేదు." నాన్న ఉలిక్కిపడి కిటికీ వైపు చూశారు. "అలాంటివి బయట అనకు వదినా. సర్కారీ ఉద్యోగం" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కిటికీ మాత్రం వేశారు.

ఆ రోజుల్లోనే దేశం దగ్గర పరాయి దేశాల డబ్బు అడుగంటిందని, బంగారం విమానంలో తాకట్టుకు వెళ్లిందని పేపర్లో పడింది. ఆ వెంటనే రెండు మూడు రోజుల్లో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. నాన్న చదివి వినిపిస్తుంటే దొడ్డమ్మ లేచి వెళ్లి పెట్టెలోంచి ఒక నోటు తెచ్చి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "తగ్గించారంటారు, అంకె అలాగే ఉందే?" అంది. అది బయటి దేశాలతో వ్యవహారమని, మనకేం కాదని నాన్న ధైర్యం చెప్పారు. ఆయన మనస్ఫూర్తిగానే చెప్పారు. తరవాత ఏళ్లన్నీ చిన్న చిన్న మార్పులతో గడిచిపోయాయి. వేరుశనగ నూనె పోయి ఏదో వాసన లేని నూనె వచ్చింది. బిస్కెట్ పొట్లం ధర అదే, లోపల బిస్కెట్లు రెండు తగ్గాయి. అమ్మ ప్రతి నెలా దేన్నో ఒకదాన్ని తగ్గించి ఇల్లు నడిపేది, ఏది తగ్గించిందో మాకు తెలియనిచ్చేది కాదు. దొడ్డమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆవిడ ఇల్లు వైశాలిలో భద్రంగా ఉంది. కిటికీకి తెరలు కూడా కుట్టేసింది, నీలం రంగువి.

పత్రాలు పండిన రోజు పోస్టాఫీసువాళ్లు అణా పైసలతో సహా అన్నమాట నిలబెట్టుకున్నారు. అరవై వేలు. నాకు పద్నాలుగు దాటాయి. ముగ్గురం మళ్లీ వైశాలి వెళ్లాం. గోధుమ చేలు వెనక్కి జరిగాయి, దుమ్ము మాత్రం అలాగే ఉంది. రేకుల షెడ్డు పోయి అద్దాల తలుపు ఆఫీసు వచ్చింది, డీలరుకు పొట్ట వచ్చింది. అదృష్టమేమో, అదే వరుసలో ఒక ఫ్లాటు ఖాళీగా ఉందన్నాడు. దొడ్డమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఏక్ లాఖ్ నబ్బే" అన్నాడు. లక్షా తొంభై. దొడ్డమ్మ, మీరు అరవై అన్నారు కదా అని తనకు వచ్చిన హిందీలో నెమ్మదిగా అడిగింది.

"భయ్యా, ఆప్ సాఠ్ బోలే థే."

అతను మొదట గుర్తుపట్టలేదు. గుర్తొచ్చాక నవ్వాడు, చెడ్డ నవ్వు కాదు. "అరే మాతాజీ, వో తో పురానీ బాత్ హై!"

"పురానీ హై, తో క్యా? బాత్ తో హై నా?"

పాతదైతే మాత్రం, మాట మాటే కదా అని. అతను తల గోక్కుని టీ తెప్పించాడు. తన దగ్గర కూడా ఇటుకల ధర, సిమెంటు ధర, కూలి ధర ఏదీ ఆగలేదని చెప్పాడు. కాగితం మీద ఏదో రాసి చూపించబోయాడు గానీ మా ముగ్గురిలో ఎవరూ చూడలేదు. దొడ్డమ్మ టీ తాగి, కప్పు బల్ల మీద పెట్టి, లేచింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పెద్ద విచారణ మొదలైంది, గొంతు ఎవరూ పెంచని విచారణ. తప్పు ఎవరిదో తేలాలి కదా. పోస్టాఫీసు అబద్ధం చెప్పలేదు. డీలరు ఆ రోజు చెప్పింది ఆ రోజుకు నిజమే. నాన్న మోసం చేయలేదు. దొడ్డమ్మ పైసా ఖర్చుపెట్టలేదు. అందరూ మాట మీద నిలబడ్డారు, ఇల్లు మాత్రం లేదు. ఆవిడ ఎవరినీ తిట్టకుండా, తనకే ఏదో అర్థం కాలేదనుకుని, ఇంట్లో చదువుకునేదాన్ని కనుక నా దగ్గరకొచ్చింది. "నీ పుస్తకంలో ఏవన్నా రాశారేమో చూడవే." స్కూలు పుస్తకంలో ముద్రాస్ఫీతి, అదే ద్రవ్యోల్బణం, అని హిందీలో ఒక పాఠముంది. చదివి తెలుగులో చెప్పాను. ప్రజల చేతుల్లో డబ్బు ఎక్కువైతే ధరలు పెరుగుతాయట. ఆవిడ నా వైపు, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. "ఎవరి చేతుల్లోనే? నా చేతుల్లో ఎక్కువవలేదే!" ఆ పుస్తకం మీద, పుస్తకం రాసినవాళ్ల మీద నాకు అప్పుడు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు. నాన్న మాత్రం ఒకే ఒక్కసారి నోరు విప్పారు. పెన్సిలు చెక్కుతూ, తల ఎత్తకుండా, "ఆ మాట నేను రోజూ రాశాను వదినా. ఒక్కరోజు కూడా వినలేదు" అన్నారు. ఆ తరవాత కరువు భత్యం వచ్చినా మిఠాయి తేవడం మానేశారు. డబ్బు బ్యాంకులో వేశారు. నీలం తెరలు మా గదికి వేసుకున్నాం.

ఇంకో రెండేళ్లకు వేతన సంఘం సిఫార్సులొచ్చాయి. కాలనీ అంతా పండగ. జీతాలు పెరగడమే కాదు, వెనకటి నెలలన్నింటి బకాయిలు ఒక్కసారిగా చేతికొస్తాయన్నారు. ఆ రోజుల్లో నాన్న ఇంట్లో చాలా చిత్రంగా ఉండేవారు. ఇంత జీతాలిస్తే ఖజానా తట్టుకోలేదని, లోటు ఇంకా పెరుగుతుందని సార్ పొద్దున డిక్టేషనిచ్చేవారట. అది తప్పులేకుండా టైపు చేసి, మధ్యాహ్నం క్యాంటీన్‌లో తనకెంత వస్తుందో తోటివాళ్లతో మాట్లాడుకునేవారట. ఈసారి ఆయన విన్నారు, అదే చిక్కొచ్చింది. "చారులో మళ్లీ నీళ్లు పోస్తున్నారు. మన గిన్నెలోనే ముందు పోస్తున్నారు" అని అమ్మతో అన్నారు. "వద్దని రాసివ్వండి మరి" అంది అమ్మ. అమ్మకు అలాంటి ఊగిసలాటలు నచ్చవు. వచ్చింది తీసుకోవాలి, తీసుకుని ఏం చేయాలో ఆలోచించాలి. ఏం చేయాలో నాన్న అప్పటికే ఆలోచించేశారని మాకు తెలియదు.

సరిగ్గా ఆ సమయంలో ఢిల్లీ చుట్టూ ఇళ్ల బేరాలు కొంచెం చల్లబడ్డాయి. కొనేవాళ్లు లేరు. నాన్న ఒక్కరే వైశాలి వెళ్లి వచ్చారు. వంటింట్లో అమ్మ దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు, నేను చిక్కుళ్లు ఒలుస్తున్నాను. ఒక ప్రభుత్వోద్యోగి బదిలీ మీద పోతూ ఫ్లాటు అమ్ముతున్నాడట. లక్షా అరవై అయిదు. వదిన డబ్బు, తన బకాయిలు, పైన ప్రావిడెంట్ ఫండ్ నుంచి తీస్తే సరిపోతుంది. అమ్మ కాసేపు మూకుడులో గరిటె తిప్పింది. "ఎవరి పేరున?" అంది. "వదిన పేరున." గరిటె ఆగింది. ఆ బకాయిల మీద అమ్మకు వేరే ఆశలున్నాయి, నా కాలేజీ చదువు అందులో ఒకటి. "అక్క ఒప్పుకోదు. మీ డబ్బు ముట్టుకోదు" అంది. "అందుకే ధర అరవై వేలని చెప్పబోతున్నాను" అన్నారు నాన్న. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మా నాన్న తన ఇష్టంతో అబద్ధం చెప్పడానికి సిద్ధపడటం నేను అంతవరకూ చూడలేదు. ఆ సాయంత్రమే వరండాలోకి వెళ్లి, "వదినా, ధర దిగింది. అరవైకే ఇస్తానంటున్నాడు" అని ఒక్క గుక్కలో చెప్పేశారు. దొడ్డమ్మ మిషను ఆపి, "చూశారా! మాటెక్కడికి పోతుంది?" అంది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేను తట్టుకోలేకపోయాను.

ఆ మొహం తలచుకున్నప్పుడల్లా నాకు ఆలోచనలు గజిబిజిగా అయిపోతాయి. దొడ్డమ్మ ఇల్లు చేజారింది ప్రభుత్వం అతిగా ఖర్చుపెట్టినందుకే అయితే, తిరిగొచ్చింది కూడా ప్రభుత్వం ఇంకొంచెం అతిగా ఖర్చుపెట్టినందుకే. మా గిన్నెలో ముందు పోసిన ఆ చారు ఎవరి గిన్నెకు చేరేసరికి ఉత్త నీళ్లయిందో నాకు తెలియదు. భత్యం లేని, వేతన సంఘం లేని, మరిది లేని దొడ్డమ్మలు ఈ ఊళ్లో ఎందరుంటారు? వాళ్ల గదులేమయ్యాయి? ఈ రోజు మా అమ్మాయి కాళ్లు ముడుచుకుని కూర్చునే గదికి ఏడాదికి కట్టే అద్దె, ఆ రోజు ఒక ఇంటి ఖరీదును దాటిపోయింది. అప్పుడు లక్షంటే మా వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు అమ్మాయి కోచింగ్ ఫీజు లక్షల్లో చెబుతుంటే నేను కూర తరుగుతూ వింటాను. మేం బాగుపడ్డామో, అంకెలే లావెక్కాయో తేల్చుకోలేను. పెద్దదాన్నయ్యాక అర్థమవుతుందని అప్పుడు అందరూ అన్నారు.

రిజిస్ట్రేషనుకు గాజియాబాద్ వెళ్లాం, చలికాలం పొద్దున. ఆఫీసు ఆవరణలో పల్లీల పొట్టు, స్టాంపులు అమ్మేవాళ్ల బల్లలు, టైపు మిషన్ల మోత. నాన్న కొత్త స్వెట్టరు వేసుకున్నారు. అమ్మేవాడు కూడా ప్రభుత్వోద్యోగే కనుక ధర మొత్తం ఉన్నదున్నట్టు దస్తావేజులో రాయించారు. దస్తావేజు హిందీలో ఉంది, అందుకే నాన్న నిశ్చింతగా ఉన్నారు. దొడ్డమ్మ హిందీ మాట్లాడగలదు గానీ చదవలేదని ఆయన నమ్మకం. ఆయన ఆఫీసుకు పోయాక, నేను హిందీ హోంవర్కు చేస్తుంటే పక్కన కూర్చుని నాతోబాటు ఆవిడా అక్షరాలు దిద్దుకుందని ఆయనకు తెలియదు. నాకు తెలుసు, అయినా నాన్నకు చెప్పలేదు. గుమాస్తా కాగితాలు ముందు పెట్టాడు. దొడ్డమ్మ కళ్లజోడు సర్దుకుని మొదటి పుట మీద వేలు పెట్టింది. వేలు ఒక్కో అక్షరం మీదుగా మెల్లగా నడిచింది. తన పేరు, పెదనాన్న పేరు, ఫ్లాటు నంబరు. తరవాతి వరుసలో "ఏక్ లాఖ్" దగ్గర ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి ఆ రెండు మాటల మీదుగా ఇంకోసారి నడిచింది. తలెత్తి నాన్న వైపు చూసింది. నాన్న గోడ మీద క్యాలెండరును చాలా శ్రద్ధగా చూస్తున్నారు. ఆయన మెడ మీద చెమట, ఆ చలిలో.

ఆవిడ లేచి వెళ్లిపోతుందనుకున్నాను. డబ్బు వద్దంటుందని, ఇల్లు వద్దంటుందని, మాట తప్పిన మనిషిలా మా నాన్నను చూస్తుందని భయపడ్డాను. ఆవిడ వేలు తీసి, పెన్ను అందుకుంది.

"సంతకం ఎక్కడ పెట్టాలి మరిదిగారూ?"

నాన్న చూపించిన చోటల్లా తెలుగులో గుండ్రంగా పెట్టింది. బయటి ఎండలోకి వచ్చాక, జాకెట్టు ధర ఏనాడూ మార్చని మా దొడ్డమ్మ, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నాన్నకు వినపడేలా అంది. "అరవై వేలకి ఇల్లంటే మాటలా, మరిదిగారూ!"

కాదు వదినా, కాదు అన్నారు నాన్న.